జీను మోసిన దొర

జీను గుర్రం మీద లేదు, రోకాబ్రూనా దొర లాండోల్ఫ్ వీపు మీద ఉంది. మెడలో పలుపు, కాళ్ళకి చెప్పుల్లేవు. తిరగబడి లొంగిపోయిన దొర ఎవరైనా సరే, ప్రభువు ముందుకి ఇలాగే రావాలి. అపూలియా సీమ ఎండకి వీధి రాళ్ళు పెనంలా కాలుతున్నాయి.

వెనకాల వట్టి గుర్రాన్ని నడిపించుకుంటూ గుర్రాలవాడు ఉర్సో వస్తున్నాడు.

"కాసేపు నేను మోస్తానండీ దొరా," అన్నాడు మెల్లగా.

"వద్దురా. నువ్వు మోసింది చాలు."

చేపల అంగడి దగ్గర జనం విరగబడ్డారు.

"కొడుకుని ప్రభువు దగ్గర జామీను పెట్టి, ఆనక కత్తి దూశాడంటమ్మా! వీడూ ఒక తండ్రేనా? థూ!" అంది చేపలమ్మే ఆవిడ.

"పోనిద్దూ, చివరికి వచ్చాడుగా. కన్నపేగు ఊరుకుంటుందా?" అంది పక్కావిడ.

మొదటి మాట కన్నా రెండో మాటకే లాండోల్ఫ్ ఎక్కువ కుంచించుకుపోయాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు పాపం.

నిజానికి అతని కోట చెక్కుచెదరలేదు. గాదెల నిండా గోధుమలున్నాయి. చలికాలమంతా తలుపులు బిగించుకుని హాయిగా కూర్చోవచ్చు. కానీ మైకేల్ దేవదూత పండగలోగా లొంగకపోతే పిల్లాడి కళ్ళు పీకిస్తానని ప్రభువు కబురంపాడు. ఆ కబురు విన్నది మొదలు లాండోల్ఫ్‌కి ముద్ద దిగలేదు. పండగ రేపే.

ప్రభువు కోట మెట్ల ముందు లాండోల్ఫ్ బోర్లా పడ్డాడు. ప్రభువు దిగివచ్చి, ఆ జీను మీద కాలు మోపి, అందరూ చూసేదాకా తియ్యలేదు.

"ఇంత ప్రేమ ఉన్నవాడివి, తిరగబడేటప్పుడు పిల్లాడు గుర్తు రాలేదటయ్యా?"

ఆ ప్రశ్నకి జవాబుంది. చెబితే వీపు మీద జీను కన్నా పెద్ద సిగ్గు.

"తప్పయిపోయింది ప్రభూ. వాణ్ణి వదిలెయ్యండి."

"సరే. కోట నాది, కొడుకు నీవాడు. తీసుకుపో."

లోపల్నుంచి గ్రిమో అనే ఆ పిల్లాణ్ణి తీసుకొచ్చారు. చిక్కిపోయాడు గానీ కళ్ళు రెండూ క్షేమం. "నాన్నగారూ" అంటూ వచ్చి దొర చెయ్యి పట్టుకున్నాడు. ఇందాక తిట్టి, జనంతో పాటు వెంట వచ్చిన చేపలావిడే కళ్ళొత్తుకుంది. లాండోల్ఫ్ మాత్రం తలెత్తి ఎవరి మొహమూ చూడలేదు.

ఊరి ద్వారం దాటి, ఆఖరి కాపలావాడు కూడా కనుమరుగయ్యాక, అతను ఆ పిల్లాడి చేతిని గుర్రాలవాడి చేతిలో పెట్టి, "తీసుకోరా ఉర్సో, నా కొడుకని చెప్పి నేను పంపిన నీ కొడుకు," అన్నాడు.