క్వార్టర్‌బ్యాక్ బుర్ర

"తేడా ఏమీ లేదు," అంది డాక్టర్ ఫెల్డ్‌క్యాంప్, కంప్యూటర్ మీంచి కళ్లెత్తకుండానే.

డెరిక్ కుర్చీలో వెనక్కి వాలి భార్య వైపు చూశాడు. అమెరికన్ ఫుట్‌బాల్లో జట్టు ఆటంతా నడిపే క్వార్టర్‌బ్యాక్‌గా ఫైనల్ గెలిచిన రోజు కూడా మనిషి ఇంత మిడిసిపడలేదు.

"విన్నావా జోడీ? నా బుర్ర పోయిందన్నావు!"

"మరి రాత్రి భోజనానికెళ్లిన సప్పర్ క్లబ్ నుంచి ఇంటికి దారి మర్చిపోయిందెవరు? అదీ పుట్టి పెరిగిన ఊళ్లో!"

"మంచు కురుస్తోందే! నా ముక్కు నాకే కనబళ్లేదు."

జోడీ నవ్వలేదు. ఈ పరీక్ష నెగ్గితేనే హైస్కూల్ జట్టుకి కోచ్‌గా వెళ్లనిస్తానంది. లేదంటే ఇంట్లో ఫుట్‌బాల్ మాటే ఎత్తకూడదు. అది తప్ప వేరే మాట డెరిక్‌కి రాదు. ఆట మానేసిన దగ్గర్నుంచీ ఇంట్లో కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"తేడా లేదని ఎలా చెబుతున్నారు డాక్టర్?" అంది జోడీ.

"జట్టులో చేరినప్పుడే ప్రతి ఆటగాడికీ ఈ జ్ఞాపకశక్తి పరీక్ష పెడతారమ్మా. తలకి దెబ్బ తగిలితే మళ్లీ పెడతారు. మార్కులు మొదటిసారికంటే తగ్గాయా, ఇక మైదానంలోకి రానివ్వరు. మీ ఆయనకి కుర్రతనంలో ఎన్ని వచ్చాయో ఇవాళా అన్నే వచ్చాయి."

"అదీ!" డెరిక్ లేచి నిలబడ్డాడు. "కొండల్లాంటి వాళ్లు వచ్చి మీద పడ్డారు. ఎన్నిసార్లు నేల కరిచానో! అయినా ఆ పరీక్ష పేరు చెప్పి నన్ను ఒక్క మ్యాచ్‌కైనా బెంచీ మీద కూర్చోబెట్టగలిగారా? ఎవడబ్బ తరం కాలేదు!"

జోడీ కళ్లు తుడుచుకుంది. ఎన్నాళ్ల భయమో తీరిపోయింది పాపం.

"సరేలే, వెళ్లు. నీ మొండితనమే గెలిచింది."

కారెక్కాక ఉండబట్టలేక డెరిక్ టైరెల్‌కి ఫోన్ చేసి, జోడీ కూడా వినాలని స్పీకర్ పెట్టాడు. టైరెల్ అతనితోపాటే జట్టులో చేరినవాడు. ప్రతి ఆటలోనూ వంగి, వెనక్కి బంతి అందించి, డెరిక్ మీద పడాల్సిన దెబ్బలు తను కాసినవాడు.

"ఒరే టైరెల్! ప్రాణం పెట్టి రాశాన్రా! మనం జట్టులో చేరినప్పుడు పెట్టిన పరీక్షలో ఎన్ని వచ్చాయో సరిగ్గా అన్నే వచ్చాయి!"



"అప్పుడు మనం కావాలనే తప్పులు రాశాం కదరా."