వెంట్రుకవాసి తేడా

"ఈ విత్తనం మా కంపెనీది. ఈవిడ దొంగతనంగా వేస్తోంది, ఊరందరికీ పంచుతోంది. అంతే మేడమ్ కేసు" అన్నాడు లాయరు చైతన్యకృష్ణ.

గుంటూరులోని ఆ విచారణ గది కిక్కిరిసి ఉంది. సత్తెనపల్లి దగ్గరి పల్లె నుంచి నలభై మంది ఆడవాళ్లు, కల్లాల్లో ఎండుతున్న మిరపకాయలు వదిలేసి వచ్చి గోడల వెంట నిలబడ్డారు. వాళ్లందరూ వేసేది కోటిరత్నం పంచిన గింజలే. ఆమె ఓడిపోతే వచ్చే ఏడు ఒక్కరూ ఆ గింజ నాటడానికి వీల్లేదు. ఏటేటా కంపెనీ దగ్గర కొనుక్కోవాల్సిందే.

లాయరు పక్కన, అమెరికా నుంచి వచ్చిన కంపెనీ అధికారి వాకర్ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. "నలభై దేశాల్లో అమ్ముతున్నాం. ఎక్కడా మాకు ఎదురు లేదు. ఈవిడ ఇప్పుడే తప్పు ఒప్పుకుంటే కేసు వదిలేస్తాం. మొదటి ఏడు విత్తనం ఉచితం" అన్నాడు ఇంగ్లీషులో.

కోటిరత్నం తమ్ముడు ప్రసన్నకుమార్ ఆ మాటలు అక్కకు తెలుగులో చెప్పాడు.

"ఎర ఎప్పుడూ ఊరికే వేస్తార్రా" అంది కోటిరత్నం.

ప్రసన్నకుమార్ నవ్వలేకపోయాడు. వినుకొండ హైస్కూల్లో సోషల్ మాస్టారు అతను. అమెరికా యుద్ధనౌకలు సముద్రాలు దాటి ఫిలిప్పీన్స్‌ని ఆక్రమించుకున్న సంగతి ఏటా పిల్లలకు చెబుతుంటాడు. నౌకలూ ఫిరంగులూ లేకుండా, ఒక్క కాగితం పట్టుకుని తన అక్క చేలోకే దిగుతారని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

"ఈ రకాన్ని మీ కంపెనీ ఎప్పుడు తయారు చేసింది?" అడిగారు విచారణ అధికారి నగ్మా.

"రెండువేల పదహారులో మేడమ్, అమెరికాలోని మా ల్యాబులో. అంతకుముందు ఈ మిరప భూమ్మీదే లేదు. కొత్త రకం కాబట్టే సర్కారు మాకు రిజిస్ట్రేషన్ ఇచ్చింది." చైతన్యకృష్ణ ల్యాబు రిపోర్టు పైకెత్తి చూపించాడు. "ఈవిడ మాకిచ్చిన గింజల్నీ, మా గింజల్నీ పక్కపక్కన పెట్టి పరీక్ష చేయించాం. వెంట్రుకవాసి తేడా లేదు!"

నగ్మా ఇటు తిరిగారు. "కోటిరత్నం గారూ, మీరేమంటారు?"

"ఒప్పుకోవద్దక్కా. మళ్లీ పరీక్ష చేయించమందాం" గుసగుసలాడాడు ప్రసన్నకుమార్.

కోటిరత్నం లేచి నిలబడింది. "నిజమేనండీ. నేనిచ్చిందీ, వాళ్లదీ ఒకటే గింజ."

గోడల దగ్గర గగ్గోలు పుట్టింది. "ఓసి రత్నమా, కొంప ముంచావే!" అని ఎవరో అరిచారు. ప్రసన్నకుమార్ అక్క కొంగు పట్టుకుని లాగాడు.

"కాకపోతే మేడమ్ గారూ, ఆ మాట వాళ్లని కూడా రాసి సంతకం పెట్టమనండి. రేపు మాట మారిస్తే మా బోటివాళ్లు ఎక్కడికి పోతారు?" అంది కోటిరత్నం.

చైతన్యకృష్ణకు నవ్వాగలేదు. 'రెండూ ఒకే రకం' అని రాసి, సంతకం గీకేశాడు. ఆ కాగితంలో ఏముందో విని వాకర్ కూడా హుషారుగా పెన్ను తీశాడు.

"నీ పీక నువ్వే కోసుకున్నావక్కా" అన్నాడు ప్రసన్నకుమార్.

"నోర్మూసుకుని కూర్చోరా" అంటూ, కోటిరత్నం సంచిలోంచి మడత కాగితం తీసి నగ్మా ముందు పెట్టింది. "తీర్పు రాసేముందు ఇది కూడా చూడండమ్మా."

నగ్మా చదివారు. కళ్లజోడు సవరించుకుని మళ్లీ చదివారు. ల్యాబు రిపోర్టు దగ్గరకు లాక్కుని అందులోని పొట్లం నంబరునూ, ఈ కాగితం మీది నంబరునూ వేలు పెట్టి పోల్చి చూశారు. తర్వాత పెన్ను మూత పెట్టేశారు.

"చైతన్యకృష్ణ గారూ, కోటిరత్నం గారి మీద కేసు కొట్టేస్తున్నాను. మీ రిజిస్ట్రేషన్ రద్దు చెయ్యమని ఇవాళే రాస్తాను. ఈ విత్తనం మీద మీకు ఏ హక్కూ లేదు."

నలభై మందీ ఒక్కసారి కేకేశారు. చప్పట్లకు కిటికీ అద్దాలు అదిరాయి. ప్రసన్నకుమార్ ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో అతనికే తెలియలేదు. వాకర్ కాలు కిందికి దించి, "ఏమైంది? ఏమైంది?" అని లాయరు కోటు పట్టుకుని గుంజుతున్నాడు.

"ఇదెక్కడి న్యాయం మేడమ్?" చైతన్యకృష్ణ ఆ హోరులోనే గొంతు చించుకున్నాడు. "రెండూ ఒకటేనని ఆవిడే ఒప్పుకుందిగా!"

"మీరు గింజలిమ్మన్నారే గానీ ఏ గింజలని అడగలేదుగా బాబూ" అంది కోటిరత్నం. "నేనిచ్చినవి మా చేలోవి కావు, తొంభై ఎనిమిదిలో మా అత్త అంకమ్మ ఇస్తే సర్కారు విత్తనాల బ్యాంకు వాళ్లు సీలేసి దాచిన పొట్లంలోవి!"