గోడ చెప్పిన సాక్ష్యం

గోడలకు మాటలొచ్చాక హైదరాబాదులో భవనాల చరిత్ర గోడలనే అడుగుతున్నారు. హిమాయత్‌నగర్‌లోని ‘వర్ణిక’ చిత్రాల గ్యాలరీకి వారసత్వ కట్టడమన్న ముద్ర పడకపోతే వచ్చే నెల కూల్చేస్తారు. అందుకే యజమానురాలు హైమవతి పొద్దున్నే గోడను తడిగుడ్డతో తుడిచి, "మా అత్తగారు గొప్ప చిత్రకారులను పోషించారని చెప్పు తల్లీ," అని బతిమాలింది.

ముద్ర వేసే అధికారిణి సుభాషిణి వచ్చి అడగగానే గోడ అందుకుంది.

"పోషించడమా! వీళ్ళత్తగారిది జాకెట్టు ముక్కలమ్మే మ్యాచింగ్ సెంటరండీ. నా చెమ్మ మరక కనబడకుండా ఒక బొమ్మ తగిలించింది. ఒకావిడ జాకెట్టు ముక్క వదిలేసి, తన చీరకు ఆ బొమ్మే మ్యాచయిందని కొనుక్కుపోయింది. అప్పట్నుంచీ బొమ్మలే అమ్ముతున్నారు. ఇప్పటికీ సోఫా గుడ్డ తేకుండా ఎవరూ రారు."

"సున్నం వేయించిన విశ్వాసమైనా లేదే నీకు!" హైమవతికి ఏడుపొచ్చేసింది.

"ఊరుకోండక్కా. పొద్దున్నించీ తొమ్మిది గోడలు చెప్పింది విన్నాను, అన్నిటి దగ్గరికీ నవాబులే వచ్చారట. ఇదొక్కటే నిజం చెప్పింది," అంటూ సుభాషిణి ముద్ర వేసేసింది.

తర్వాత మొహమాటంగా హ్యాండ్‌బ్యాగులోంచి ఆకుపచ్చ కర్టెన్ ముక్క తీసింది.

"ట్యూబులైటు కింద రంగు తెలీదమ్మా," అంది గోడ. "ఎండలోకి తీసుకెళ్ళి చూసుకోండి."