కాకి తన్నిన కబురు

తెల్లవారేసరికి ఆకాశం మబ్బు పట్టి, ఒక్క చినుకూ రాల్చకుండా బిగుసుకొని ఉంది. కబ్బన్‌పేటలో జయరామప్ప మగ్గం గుంటలోకి దిగబోతుంటే అన్న ఉండే హొసకోటె నుంచి ఆ ఊరి నాగప్ప వచ్చాడు. మోకాళ్ల దాకా దుమ్ము. గడప బయటే నిలబడి, మీ అన్న వెంకటగిరియప్ప పోయాడని చెప్పాడు.

జయరామప్ప ఏడవలేదు. చేతిలోని పోగు నడిపే నాడెను మగ్గం మీదికి విసిరేశాడు.

"ఈసారి యే కాకి తన్నిందంట ఆయప్పను?"

నాగప్ప తల దించుకున్నాడు. కాకి తలమీద తన్నితే చావు తప్పదంటారు. ఆ మనిషి చచ్చిపోయాడని తోడబుట్టినవాళ్లకు అబద్ధపు కబురు పంపి, వాళ్లు ఏడిస్తే దోషం పోతుందంటారు. పోయిన ఏడు అట్లాంటి కబురే వచ్చింది. జయరామప్ప దారి పొడుగునా ఏడుస్తూ పోతే, అన్న అరుగుమీద కూర్చొని వక్కాకు నములుతున్నాడు. దోషం పోయిందిలేరా అని నవ్వాడు. వీధి వీధంతా నవ్వింది. ఆనాటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు.

"ఈ తూరి నిజమప్పా" అన్నాడు నాగప్ప.

"పోయిన తూరి వచ్చినోడూ ఇదే మాట చెప్పినాడు."

మునిలక్ష్మి మొగుడి చెయ్యి పట్టుకుంది. నిజమే అయితే కడసారి చూపు కూడా దక్కదని, ఉన్నపళాన బయల్దేరుదామని బతిమాలింది. అతను చెయ్యి విదిలించుకున్నాడు. నాగప్ప ఇంకేదో చెప్పబోతే నోరు ముయ్యమన్నాడు. ఆ కేకకు పక్కింటి మగ్గం చప్పుడు ఆగిపోయింది.

"నా కండ్లేమన్నా ఆయప్ప ఇంటి బాయా, కావాల్సినప్పుడల్లా తోడుకొనేదానికి?"

పెండ్లానికేసి తిరిగి కూడు పెట్టమన్నాడు. ఊళ్లో శవముంటే, అది లేచేదాకా ఆ ఊరివాళ్లు ఎక్కడున్నా మెతుకు ముట్టరు. అది ముగ్గురికీ తెలుసు.

"కూర్చోప్పా నాగప్పా. మీ ఊర్లో శవముంటే తినొద్దు. లేకుంటే తిను. అంతే."

నాగప్ప కాళ్లు కడుక్కొని కూర్చున్నాడు. మునిలక్ష్మి రాగిసంగటి పెట్టి ఉలవచారు పోసింది. ఆమె చూపంతా నాగప్ప చేతిమీదే. ఆ చెయ్యి కంచం అంచున కాసేపు ఆగింది. తర్వాత సంగటి తుంచి, చారులో అద్దుకొని మింగాడు. ఎప్పుడు తిన్నాడో ఏమో, రెండో ముద్దకు ఆగలేదు.

జయరామప్ప పెండ్లాం వైపు చూసి మీసం దువ్వుకున్నాడు. మునిలక్ష్మి కొంగుతో కళ్లు తుడుచుకొని తానూ కంచం తెచ్చుకుంది. ముగ్గురూ తిన్నారు.

కంచం ఖాళీ అయ్యాక జయరామప్ప అడిగాడు.

"ఇంగ చెప్పు. ఏం చేస్తా ఉండాడు మా యన్న?"

నాగప్ప ఎంగిలిచెయ్యి కంచంలోనే ఉంచాడు.

"నిన్న మాపటికే కాల్చేసినామప్పా. వాణ్ణి ఒకతూరి ఏడిపించింది చాలు, అంతా అయినంక చెప్పండని ఆయప్పే చెప్పి పోయినాడు."