తెరుచుకోని అటాచ్‌మెంట్

తేజస్విని ఫోన్ టింగుమంది.

గబుక్కున మెయిల్ తెరిచింది. తెరిచి తెల్లబోయింది.

ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! ఇంగ్లిషు అక్షరాలు, డాలరు గుర్తులు, చుక్కలు, కామాలు... అన్నీ కలగాపులగంగా పోసినట్టున్నాయి. కింద ఒక అటాచ్‌మెంట్. నొక్కితే తెరవలేనంది ఫోను.

లోపల వార్డులో తండ్రి బక్కయ్య. రక్తం దొరక్క ఆపరేషన్ ఆగిపోయింది.

డాక్టర్ పొద్దునే చెప్పాడు.

"చాలా అరుదైన గ్రూపమ్మా. వనపర్తిలో కాదు, హైదరాబాదులోనే దొరకట్లేదు. ఆయనకు తోడబుట్టినవాళ్లున్నారా? వాళ్లకైతే కలిసే అవకాశం ఎక్కువ."

"ఎవ్వరు లేరు సార్. మా నాయన ఒక్కడే."

"అయితే నలుగురికీ చెప్పండి. ఆ గ్రూపున్నవాళ్లను రిపోర్టు మెయిల్ చేయమనండి."

నంబరూ మెయిలూ రాసి వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపింది. దాతలు రాలేదు గానీ దొంగలు మాత్రం రానే వచ్చారు. "బస్సెక్కుతున్న అక్కా" అంటూ ఒకడు దారిఖర్చులు వేయించుకుని ఫోన్ ఆపేశాడు. వాడి మొహం మండ!

ఇప్పుడేమో ఈ పిచ్చి మెయిల్.

అంతలో కొత్త నంబరు నుంచి ఫోన్.

"బిడ్డా, మన్ననూర్ నుంచి జోసెఫ్‌ను. మెయిల్ చూసినవా?"

"నువ్వేనా పంపింది?"

"నేనే. అచ్చంపేటల టైపు చేపిచ్చి పంపిన. నాది గూడ గదే రక్తం. నువ్వు రమ్మంటే ఇప్పుడే బస్సెక్కుత."

మళ్లీ బస్సు! తేజస్వినికి ఒళ్లు మండిపోయింది.

"వైరస్ పంపి రక్తమంటవా? దారిఖర్చులు ఎంత గావాలె నీకు?"

"అయ్యో, పైసలేం వద్దు బిడ్డా. జర ఆ మెయిల్ సదువు. అంత అండ్లనే రాపిచ్చిన. ఫోన్ల చెప్పే ముచ్చట గాదు."

"ఎవనికి బిడ్డను? మా నాయన సావుబతుకుల్ల ఉంటే ఆటలాడుతున్నవా? పెట్టెయ్ ఫోను!"

నంబరు బ్లాక్ చేసేసింది. పీడ విరగడైందనుకుంది.

మర్నాడు బక్కయ్య పోయాడు.

దశదిన కర్మ కార్డులు వేయించడానికి ప్రింటింగ్ షాపుకెళ్లింది తేజస్విని. షాపాయన నాగేశ్, తమ ఊరివాడే.

"నాయన ఫోటో నాకు మెయిల్ చెయ్ అక్కా."

ఆమె మెయిల్ తెరిచింది. పక్కనుంచి చూసి నాగేశ్ ఆశ్చర్యపోయాడు.

"ఏందక్కా, నీకు మా ఫాంటుల మెయిలొచ్చింది?"

"గదా? గది వైరస్."

"వైరస్ గాదు. పెండ్లి కార్డులు కొట్టే పాత తెలుగు ఫాంటు. గా ఫాంటు లేని ఫోన్ల గిట్లనే కనవడ్తది. అటాచ్‌మెంట్ గూడ మా డీటీపీ ఫైలే. టైపు కొట్టినోడు పీడీఎఫ్ చెయ్యకుండ పంపిండు."

తేజస్విని ఫోన్ అతని చేతిలో పెట్టింది.

"తెరువు నాగేశ్! తొందరగ తెరువు!"

మెయిల్‌ను తనకు పంపించుకుని నాగేశ్ కంప్యూటర్లో తెరిచాడు. ముందు అటాచ్‌మెంట్. అందులో రక్తపరీక్ష రిపోర్టు. సరిగ్గా అదే గ్రూపు.

"అయ్యో దేవుడా! నిజంగనే ఉండె గదా! ఎంత పని జేస్తి!" నెత్తి బాదుకుంది తేజస్విని.

నాగేశ్ మెయిల్లోని రాతకు ఫాంటు మార్చాడు. పిచ్చి గుర్తులన్నీ తెలుగక్షరాలయ్యాయి. అతను చదివాడు. స్క్రీన్ ఆమె వైపు తిప్పాడు.

"బిడ్డా, నేనొచ్చిన సంగతి మీ నాయనకు చెప్పకు. తెలిస్తే నా రక్తం ఎక్కించుకోడు. ఎవరో ఇచ్చిన్రని చెప్పు. ఇచ్చి అట్నుంచటే పోత. నేను మతం మార్చుకున్న నాటి నుంచి నా మొహం చూడలే ఆయన. నీకు నా పేరు గూడ చెప్పి ఉండడు. జోసెఫ్ అయితే అయిన గని బిడ్డా, నేను నీ సొంత చిన్నాయనను."