పెంటయ్య రాళ్లకు ఓటింగు

డాక్టర్ ఉమాశ్రీ గదిలో రోగికని ఒకటే కుర్చీ. లోపలికొచ్చింది ఐదుగురు.

ముందు కొడుకు మహేశ్, చేతిలో తెరిచిన ల్యాప్‌టాప్‌తో. మాదాపూర్ ఆఫీసు నుంచి మీటింగు మధ్యలో లేచి వచ్చేశాడు. వెనక, బోరబండ ఇంటి నుంచి క్యాబులో వచ్చిన కోడలు అఖిల. ఆమె వెనక, మియాపూర్ నుంచి మెట్రోలో దిగిన ఆమె అమ్మానాన్నలు భ్రమరాంబ, రామబ్రహ్మం. అందరికంటే చివర వచ్చిన పెద్దాయన గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. నలిగిన చొక్కా, అలిసిన మొహం.

"రండి అంకుల్, కూర్చోండి," అని ఉమాశ్రీయే కుర్చీ చూపించింది. మిగతా నలుగురూ మర్యాదగా పక్కకి జరిగారు.

"డాక్టరమ్మా, నేనొక మాట..."

"అన్నీ మాట్లాడుకుందాం. ముందు కూర్చోండి."

ఆయన కూర్చున్నాడు.

పెద్ద డాక్టర్ సెలవు పెట్టడంతో పెంటయ్య ఫైలు ఆ ఉదయమే ఆమె చేతికొచ్చింది. ఉమాశ్రీ ఉత్సాహంగా ఉంది. డాక్టర్ ఒక్కరే తీర్పు చెప్పకూడదని, దారులన్నీ రోగి ముందు పెట్టి కలిసి తేల్చుకోవాలని పోయిన వారమే ఆసుపత్రిలో శిక్షణ ఇచ్చారు. అలా తేల్చబోతున్న మొదటి కేసు ఇదే.

"గాల్‌బ్లాడర్‌లో నాలుగు రాళ్లు ఉన్నాయి. రెండు దారులు. రేపు పొద్దున్నే ఆపరేషన్ చేసి తీసేయడం. లేదంటే పథ్యంతో మూడు నెలలు ఆగి చూడటం. ఆపరేషన్‌కి షుగర్ ఒక చిక్కు. ఆగితే రాయి జారి అడ్డం పడొచ్చు. ఈ గదిలో ఉన్న అందరి మాటా వింటాను."

ఆ చివరి ముక్క అనకుండా ఉండాల్సింది.

"మేడమ్, నేను ఆల్రెడీ పోల్ పెట్టిన," అన్నాడు మహేశ్, స్క్రీన్ ఆమె వైపు తిప్పుతూ. "ఫ్యామిలీ గ్రూప్‌ల పదిహేడు మంది. ఆపరేషన్‌కి ఎనిమిది, ఆగనీకి ఏడు. ఇద్దరు హ్యాపీ బర్త్‌డే పెట్టిండ్రు."

"ఎవరి బర్త్‌డే?"

"ఎవరిదీ కాదు మేడమ్. మా బాపు పేరు చూసి పెట్టినట్టున్నరు."

రామబ్రహ్మం గొంతు సవరించుకున్నాడు. "తొందరెందుకండీ? మా తోడల్లుడికీ రాళ్లేనండి. ఆపరేషన్ వద్దని ఏడాదిపాటు ఉలవచారు తాగాడు."

"తగ్గాయా?"

"రాళ్లు తగ్గలేదండి. ఉలవచారు మీద ఇష్టం పెరిగింది."

"మీరు ఊరుకోండి," అంది భ్రమరాంబ. "షుగర్ మనిషిని కోస్తే పుండు మానద్దూ?"

"కోయడం కాదమ్మా, చిన్న చిన్న రంధ్రాలు," అంది అఖిల.

"ఎన్ని?"

"నాలుగు."

"రాయికొకటా?"

కుర్చీలోని పెద్దాయన మళ్లీ నోరు తెరిచాడు. "అమ్మా, జర నా మాట..."

"ఉండండి, ముందు వీళ్లని తేల్చనివ్వండి," అంది భ్రమరాంబ.

ఇంతలో మహేశ్ ఫోన్‌లో సిద్దిపేట నుంచి చెల్లెలు పింకీ వీడియో కాల్‌లోకి వచ్చింది. "అన్నా, ఏం ఫిక్స్ చేస్తరో చెయ్యుండ్రి గని, బాపుకు మాత్రం చెప్పకుండ్రి. కూరగాయల కత్తి జూస్తేనే పక్కకు జరుగుతడు."

"నాకెరుకనే. అన్నీ అయినంక చెప్దం. ఆయనకేం తెలుస్తది?"

ఉమాశ్రీకి ఒళ్లు మండింది. మనిషి అడుగు దూరంలో కూర్చుంటే, అసలు లేనట్టే మాట్లాడుకుంటున్నారు. ఒక్కరైనా ఆయన మొహం చూడరు. శిక్షణలో చెప్పింది సరిగ్గా ఇలాంటి ఇళ్ల గురించే.

మహేశ్ రెండో విడత ఓటింగు మొదలుపెట్టాడు. మామగారు ఓటు వేయడానికి కళ్లద్దాలు వెతుక్కుంటున్నాడు. ఆ సందట్లో ఆమె తన కుర్చీ ముందుకు జరుపుకుని, పెద్దాయనకి మాత్రమే వినపడేలా అడిగింది.

"అంకుల్, నాతో చెప్పండి. నొప్పి ఉందా?"

ఆయన తెల్లబోయాడు. అడగక అడగక ఒకరు అడిగారు.

"ఉన్నదమ్మా. ఈ ఎనక, నడుముల గుంజుతది."

'నొప్పి వీపు వైపు పాకుతోంది' అని ఆమె రాసుకుంది. రాళ్ల జబ్బులో అది మంచి సూచన కాదు.

"తిండి?"

"టైముకు యాడిదమ్మా. దొరికిన కాడ మిర్చి బజ్జి."

నూనె పదార్థాలు. ఆమె రెండు గీతలు గీసింది. "నిద్ర?"

"నాలుగు గంటలైతే మస్తు."

"అంకుల్, అన్నిటికంటే మీకేం ముఖ్యం? మీ మనసులో మాట చెప్పండి."

"జల్ది తేల్చుండ్రి తల్లీ. నాతోని ఇగ ఆగుడు కాదు."

ఉమాశ్రీ కలం మూసింది. ఆమె కళ్లు చెమర్చాయి. ఇంతసేపూ పదిహేడు మంది తేల్చలేనిది ఒక్క ప్రశ్నతో తేలిపోయింది.

"అందరూ వినండి," అని లేచి నిలబడింది. "ఆగడం కుదరదు. రేపు పొద్దున ఆరున్నరకి ఆపరేషన్. ఇది నేనొక్కదాన్నే తీసుకున్న నిర్ణయం కాదు."

"సెకండ్ రౌండ్‌ల గూడ ఆపరేషనే లీడ్‌ల ఉంది మేడమ్," అన్నాడు మహేశ్ తృప్తిగా.

ఆమె ఒప్పుకోలు పత్రం తీసి, పెన్నుతో సహా పెద్దాయన ముందు పెట్టింది.

"ఇక్కడ సంతకం చేయండి."

"మేడమ్, ఆయన సంతకమెందుకు?" అన్నాడు మహేశ్.

"మీరు మాట్లాడకండి మహేశ్‌గారూ! ఇప్పటిదాకా మీరే మాట్లాడారు. పక్కన మనిషి ఎన్నిసార్లు నోరు తెరిచాడో ఒక్కరైనా చూశారా? ఇక ఆయన చెప్తారు, మనం వింటాం."

పెద్దాయన పెన్ను పట్టుకుని అందరినీ ఒకసారి చూశాడు.

"సంతకం అంటే పెడ్త గని డాక్టరమ్మా, బోరబండల ఎక్కించుకొచ్చిన ఈళ్ల బాపు కింద నా క్యాబుల ఎనక సీట్ల మంచిగ నిద్రవోతుండు, లేపి పైకి తోల్కరావాల్నా అని అడుగనీకొచ్చిన."