బెల్టుతో ముప్పై అడుగులు

“ఆ ముసలిది వచ్చిందా?”

కుస్తీకి సిద్ధమైన బారన్ అలా అడగడం ఇది నాలుగోసారి.

పోటీలు నడిపే ప్రింగిల్ తెర పక్కకు జరిపి హాల్లోకి చూశాడు. “వచ్చింది. మొదటి వరుసలో, దారి పక్క కుర్చీ. నల్ల టోపీ, నల్ల గొడుగు. టోపీకి గుచ్చుకున్న సూది కూడా ఉంది. జానెడు పొడుగుంటుంది!”

బారన్ గట్టిగా ఊపిరి వదిలాడు. కూర్చున్నవాడు లేచాడు. లేచినవాడు మళ్ళీ కూర్చుని, సరిగ్గానే ఉన్న బూటు తాడు విప్పి కట్టుకున్నాడు.

“పోనీ, ఇవాళ్టికి గేటు దగ్గరే ఆపించనా? పోలీసుతో ఒక్క మాట చెబితే చాలు.”

“వద్దు వద్దు. ఆవిడ గోల చేస్తేనే టీవీలో బాగుంటుంది.”

“నీ గుండె గట్టిదేనోయ్. పోయిన వారం నీ వీపు చూశాను. అన్నీ గొడుగు వాతలే!”

సిడ్నీలో ఆదివారం పన్నెండయితే వీధులు ఖాళీ. చర్చి నుంచి వచ్చినవాళ్ళు వచ్చినట్టే టీవీ ముందు చేరి ప్రింగిల్ కంపెనీ కుస్తీలు చూస్తారు. వాటిలో గెలిచినవాడికిచ్చే టెలివిజన్ బెల్టు పుట్టి ఎనిమిదేళ్ళు. పోటీ పది నిమిషాలే. గెలిచినవాడు మరుసటి ఆదివారం కెమెరా ముందుకొచ్చి బెల్టు నిలబెట్టుకోవాలి. అప్పుడే దాని వెనక ఇత్తడి రేకు మీద అతని పేరు చెక్కుతారు. రాలేకపోతే ఆ గెలుపు లెక్కలోకి రాదు.

రేకు మీద పదకొండు పేర్లున్నాయి. అన్నీ జనం చప్పట్లు కొట్టే మంచివాళ్ళవే. చెడ్డవాడి వేషం కట్టేవాళ్ళు కూడా ఇద్దరు గెలిచారు. కానీ రింగు నుంచి తలుపు దాకా కుర్చీల మధ్య ముప్పై అడుగుల దారి ఉంది. ఆ దారిలో ముసుగు డాక్టర్‌కి ఎవరో విసిరిన కుర్చీ తగిలి భుజం విరిగింది. కామ్రేడ్ ఇవాన్‌కి సోడా సీసా తగిలి కంటి మీద తొమ్మిది కుట్లు పడ్డాయి. మరుసటి ఆదివారం ఇద్దరూ ఆసుపత్రిలోనే ఉన్నారు.

“ఏడో నిమిషంలో నీతో తలపడే ఎత్తొరే నీ కింద పడతాడు. అంతవరకూ నా పూచీ,” అన్నాడు ప్రింగిల్. “ఆ ముప్పై అడుగులూ నీ తిప్పలు నువ్వే పడాలి. ఈసారీ తేడా వచ్చిందో, ఇక చెడ్డవాడికి ఈ బెల్టు ఇచ్చే పనే పెట్టుకోను.”

బారన్ తలూపాడు. పదకొండేళ్ళుగా తిట్లు తిన్నాడు. ఒంటి కంటి అద్దం, నల్ల అంగీ, బారన్ అనే జర్మనీ జమీందారు వేషం. జర్మన్ ముక్క ఒక్కటి రాదు. అసలు పేరు జూజీ, చిన్నప్పుడు మాల్టా నుంచి ఓడెక్కి వచ్చాడు. ఆ సంగతి బయట పొక్కితే వేషం పోతుంది, వేషంతో పాటే బువ్వా పోతుంది. అతని ఇల్లెక్కడో ప్రింగిల్‌కే తెలియదు.

గంట మోగింది.

“ఒరేయ్ ఒంటికన్నోడా! వచ్చిన పడవే ఎక్కి పోరా!” చేపల మార్కెట్టు ఇటాలియన్లు ఇరవైమంది బల్లలు చరిచారు. ఎత్తొరే వాళ్ళ ముద్దుబిడ్డ.

అందరికన్నా పెద్ద గొంతు ముసలావిడదే. “ఏ తల్లి కన్నదిరా నిన్ను!”

ఏడో నిమిషంలో రిఫరీ అటు తిరిగాడు. బారన్ లాగులోంచి ఇనుప ముక్క తీశాడు. ఎత్తొరే వెల్లకిలా పడ్డాడు. ఒకటి, రెండు, మూడు.

హాలు ఒక్క క్షణం నోరు తెరిచింది. తరవాత మొత్తం లేచి నిలబడింది.

బారన్ బెల్టును అంగీ కింద గుండెకు హత్తుకుని దారిలోకి దూకాడు. మాంసం కూరిన పై రొట్టెలు ఎగిరొచ్చి మొహాన పగిలాయి. అడ్డం నిలబడ్డ పోలీసులు ఎటుపోయారో తెలియలేదు. జనం మీద పడేలోపే ముసలావిడ అతని మీద పడింది. అంగీ మెడ పట్టుకుని వీపు మీద గొడుగుతో బాదడం మొదలుపెట్టింది.

“జరగండెహె! ముందు మామ్మని వాణ్ణి కొట్టనివ్వండి!” అని ఎవరో అరిచారు.

జరిగారు. ఆవిడ కొడుతూనే అతన్ని ఈడ్చుకుంటూ నడిచింది. గొడుగు ఎటు తిరుగుతుందో తెలియక దగ్గరికి రాబోయినవాళ్ళు వెనక్కి తగ్గారు. ఎవరో విసిరిన మాంసం రొట్టె ఆవిడ టోపీ మీద పడింది. ఆవిడ ఆగలేదు.

ఇరవయ్యో అడుగులో చేపల మార్కెట్టు మనిషొకడు సీసా ఎత్తి ఎదురొచ్చాడు. ముసలావిడ టోపీ సూది లాగి బారన్ మీదికి పొడిచింది. అది కాస్తా వెళ్ళి ఆ మనిషి చేతిలో దిగింది. సీసా కింద పడి పగిలింది.

“అయ్యో నాయనా! గురి తప్పింది!”

హాలంతా గొల్లున నవ్వింది. “మామ్మకి ఎవరైనా కళ్ళజోడు కొనిపెట్టండయ్యా!” అని టీవీ వ్యాఖ్యాత మైకులో అరిచాడు. ఆ నవ్వుల్లో విసరబోయిన కుర్చీ ఒకటి ఎత్తినచోటే ఆగిపోయింది.

బారన్ వెనక తలుపు మూసుకుంది.

ప్రింగిల్ పరిగెత్తుకొచ్చి అతని భుజాలు, తల తడిమి చూశాడు. “ఎముకలన్నీ ఉన్నాయి! వచ్చే ఆదివారం నీ పేరు చెక్కిస్తున్నాను పో. ఒరేయ్, ఆ ముసలిదానికి చూపు సరిగ్గా ఉండుంటే ఇవాళ నీ పని అయిపోయేది, తెలుసా?”

“తెలుసు,” అన్నాడు బారన్.

మూడింటికి జూజీ తన వంటింట్లో ఉన్నాడు. బల్ల మీద బెల్టు. ఓవెన్‌లో మాకరోనీ మాడుతున్న వాసన. కిటికీ దాకా వెళ్ళాడు, వెనక్కి వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. వీధి చివర బస్సు ఆగిన చప్పుడైంది. కాసేపటికి గుమ్మంలో తాళంచెవి తిరిగింది.

లోపలికొచ్చిన వాళ్ళమ్మ, మాంసం రొట్టె మరకలంటిన నల్ల టోపీలోంచి జానెడు సూది లాగి బెల్టు పక్కన పెట్టి, “నడుం మీద కాస్త గట్టిగానే పడింది కదరా నాన్నా, చొక్కా విప్పు, నూనె రాస్తాను,” అంది.